పుట్టింది ఒక చోట, ఆడింది ఒక చోట

ఫుట్‌సాల్ అనే ఆట పేరు మన పత్రిక చదివే పెద్దల్లో ఎందరు విన్నారో తెలియదు గాని, పిల్లలు మాత్రం వినే ఉంటారు. మూతపడ్డ మిల్లుల ఖాళీ జాగాల్లో, పాత గోదాముల్లో, కల్యాణ మండపాల వెనక స్థలాల్లో ఇప్పుడు ఆకుపచ్చని ప్లాస్టిక్ గడ్డి పరిచి, చుట్టూ ఎత్తుగా వల కట్టి, గంటకు ఇంత అని అద్దెకు ఇస్తున్నారు. దాన్ని టర్ఫ్ అంటారు. రాత్రి పదకొండింటికి కూడా అక్కడ దీపాలు వెలుగుతుంటాయి, కుర్రాళ్ళ కేకలు వినిపిస్తుంటాయి. ఈ పక్క ఐదుగురు, ఆ పక్క ఐదుగురు చేరి ఆడే ఆ చిన్న కాలిబంతి ఆటకు, కట్టుదిట్టమైన నియమాలూ ప్రపంచ పోటీలూ ఉన్న పెద్దన్నగారు ఫుట్‌సాల్. అసలు ఫుట్‌సాల్ గడ్డి మీద ఆడరు. ఇంటి కప్పు కింద, చెక్క పరిచిన గట్టి నేల మీద ఆడతారు.

బి.కాం. చదివి, మూడు దశాబ్దాలుగా బ్యాంకులో వడ్డీలు లెక్క కడుతున్న నాకు ఈ ఆటతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఇది మా రెండోవాడి వల్ల అంటిన జబ్బు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఉజ్బెకిస్తాన్‌లో పురుషుల ఫుట్‌సాల్ ప్రపంచ కప్పు జరిగినప్పుడు వాడు హైదరాబాదు నుంచి ఫోను చేసి, ఆటలు ఎక్కడ చూడాలో, ఏ మీట నొక్కాలో చెప్పాడు. తాష్కెంట్ గడియారం మన గడియారం కంటే అరగంటే వెనక. కాబట్టి నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు. తాష్కెంట్ అనగానే మా తరం వాళ్ళకు 1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రిగారు అక్కడ కన్నుమూసిన సంగతే గుర్తుకొస్తుంది. ఇప్పుడు ఆ పేరుతో పాటు నాకు ఇంకొకటి కూడా గుర్తుంటుంది. అక్టోబరు 6న అక్కడ జరిగిన ఫైనల్లో బ్రెజిల్ 2-1తో అర్జెంటీనాను గెలిచింది. మా శ్రీమతి మొదట్లో విసుక్కున్నా, చివరి పది నిమిషాలు పక్కన కూర్చుని చూసింది.

ఆట సంగతి కొంచెం చెప్పాలి. 1930లో ఉరుగ్వే దేశపు రాజధాని మాంటెవీడియోలో వై.ఎం.సి.ఎ. ఉపాధ్యాయుడు హువాన్ కార్లోస్ సెరియాని అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. ఆ ఏడే ఆ ఊళ్ళోనే మొదటి ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు జరిగి, ఉరుగ్వే గెలిచింది. ఊరంతా బంతి పిచ్చి. ఆడదామంటే అందరికీ మైదానాలు లేవు, వాన పడితే అసలే లేవు. సెరియాని బాస్కెట్‌బాల్ నుంచి ఐదుగురు ఆటగాళ్ళను, హ్యాండ్‌బాల్ నుంచి చిన్న గోలు స్తంభాలను, వాటర్ పోలో నుంచి గోల్‌కీపరు నియమాలను అరువు తెచ్చి ఒక ఆటగా కుట్టాడు. నాలుగు ఇళ్ళ నుంచి నాలుగు దినుసులు తెచ్చి వండిన వంట అన్నమాట. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. బంతి మామూలు ఫుట్‌బాల్ కంటే చిన్నది, అంతగా ఎగరదు. ఎగరని బంతిని కాలితో అదుపు చేయాలి. బలంగా తన్నేవాడికి కాదు, తల ఉన్నవాడికి చెల్లే ఆట ఇది.

నా వంటి బ్యాంకు మనిషికి నచ్చేవి ఇందులో రెండున్నాయి. ఒకటి కాలం లెక్క. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి గీత దాటినా, ఈల మోగినా గడియారం ఆగిపోతుంది. మళ్ళీ బంతి కదిలితేనే అదీ కదులుతుంది. పెద్ద ఫుట్‌బాల్లో లాగా నేల మీద దొర్లి కాలం దొంగిలించడం కుదరదు. రెండోది తప్పుల ఖాతా. ఒక జట్టు చేసే ఫౌళ్ళన్నీ ఆ జట్టు పేర జమ అవుతుంటాయి. ఐదు దాకా సరే. ఆరో తప్పు నుంచి ఎదుటి జట్టుకు పది మీటర్ల దూరం నుంచి, అడ్డుగోడగా మనుషులెవరూ నిలబడకుండా గోలు కొట్టే అవకాశం ఇస్తారు. సగం ఆట అయ్యాక ఖాతా మళ్ళీ సున్నా. మా బ్యాంకులో బాకీదారులకు ఇలా ఆరు నెలలకోసారి సున్నా చేస్తే ఎంత బాగుండునని ఒక ఖాతాదారు నాతో అన్నాడు. బాగానే ఉండును, బ్యాంకు మాత్రం ఉండదు.

ప్రపంచ పోటీలు ఫిఫా చేతికి రాక ముందే మొదలయ్యాయి. ఫిఫుసా అనే వేరే సంస్థ 1982లో బ్రెజిల్‌లోని సావో పావ్లోలో ఒకసారి, 1985లో స్పెయిన్‌లో ఒకసారి, 1988లో ఆస్ట్రేలియాలో ఒకసారి జరిపింది. 1989లో హాలండ్‌లో ఫిఫా తన మొదటి పోటీ పెట్టింది. అప్పటి నుంచి 2024 దాకా పది జరిగాయి. బ్రెజిల్ ఆరుసార్లు, స్పెయిన్ రెండుసార్లు, అర్జెంటీనా, పోర్చుగల్ ఒక్కొక్కసారి గెలిచాయి. పదహారు జట్లతో మొదలై, 2008లో ఇరవై, 2012 నుంచి ఇరవై నాలుగు అయ్యాయి. మన దేశపు పురుషుల జట్టు 2023 అక్టోబరులో దుషాంబేలో ఆసియా కప్పు అర్హత ఆటల్లో మొదటిసారి అడుగుపెట్టింది. బహ్రెయిన్, పాలస్తీనా, మయన్మార్‌లతో ఆడింది. అసలు పోటీలకు చేరలేదు. ఇంకా అక్షరాభ్యాసం నాటి సంగతి కాబట్టి ఎక్కువ చెప్పను.

ఇక్కడ ఒక్క మాట, ఫాల్కావ్ గురించి. బ్రెజిల్ ఆటగాడు, ఈ ఆటకు సచిన్ టెండూల్కర్ వంటివాడు. 2012లో థాయిలాండ్‌లో పోటీలు జరుగుతుండగా ఆయన ముఖంలో ఒక పక్క పక్షవాతం సోకింది. అలాగే ఆడి, ఫైనల్లో స్పెయిన్ మీద బ్రెజిల్ స్కోరు సమం చేసే గోలు కొట్టాడు. అదనపు సమయంలో బ్రెజిల్ 3-2తో గెలిచింది. 2016లో కొలంబియాలో, ఆయన ఆఖరి ప్రపంచ కప్పులో, ఇరాన్ జట్టు బ్రెజిల్‌ను పెనాల్టీలలో ఓడించి ఇంటికి పంపింది. గెలిచిన ఇరాన్ కుర్రాళ్ళు తమ సంబరం పక్కన పెట్టి, ఓడిపోయిన ఫాల్కావ్‌ను చేతుల మీద గాలిలోకి ఎగరేశారు. ఆ దృశ్యం మావాడు నాకు చూపించాడు. శత్రువు చేత పల్లకీ మోయించుకోవడం అందరికీ దక్కే భాగ్యం కాదు.

సరే, నేను చెప్పదలుచుకున్నది ఫాల్కావ్ గురించి కాదు, 2008 గురించి. ఆ ఏడు పోటీలు బ్రెజిల్‌లోనే, బ్రసీలియా, రియో డి జనైరో నగరాల్లో జరిగాయి. ఫైనల్లో బ్రెజిల్, స్పెయిన్ 2-2తో సమంగా నిలిచి, పెనాల్టీలలో బ్రెజిల్ నెగ్గింది. నా దృష్టి మూడో స్థానం మీద. అది ఇటలీకి వచ్చింది. సెమీఫైనల్లో స్పెయిన్‌తో అదనపు సమయం దాకా పోరాడి 3-2తో ఓడి, తరువాత రష్యాను 2-1తో గెలిచింది. ఇందులో విశేషమేముంది అంటారా? ఆ ఇటలీ జట్టులో ఉన్నవాళ్ళంతా బ్రెజిల్‌లో పుట్టినవాళ్ళే! ఇటలీ నీలం చొక్కా వేసుకుని, ఇటలీ జాతీయ గీతానికి నిలబడి, తాము పుట్టిన దేశానికి పరాయి జట్టుగా వచ్చి ఆడారు. అతిథుల బసలో దిగారు. వాళ్ళ అమ్మలు చూడడానికి వచ్చి ఉంటే ఏ జట్టు వైపు కూర్చున్నారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

ఈ సంగతి మా బావమరిదికి చెబితే ఇంతెత్తున లేచాడు. ఆయనకు షోలాపూరులో చద్దర్లు, తువ్వాళ్ళ దుకాణం. సరుకు మీద ముద్ర ఒకటి, నేసింది మరొకరు అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"ఇదేం ఇటలీ బావా? నీ భాషలో చెప్పాలంటే ఇది బినామీ ఖాతా. పేరొకడిది, పైసలింకొకడివి" అన్నాడు.

"బినామీ కాదయ్యా. వాళ్ళలో చాలామంది ఇటలీ నుంచి వలసపోయిన వాళ్ళ మనుమలు, మునిమనుమలు. ఇది వారసత్వం ఖాతా" అన్నాను.

"మరి రష్యా?" అన్నాడు. అక్కడ నా నోరు కొంచెం మూతపడింది. అదే పోటీలో రష్యా తరఫున ఆడిన పూలా కూడా బ్రెజిల్‌లో పుట్టినవాడే. మొత్తం పదహారు గోళ్ళతో ఆ పోటీలో అందరికంటే ముందు నిలిచాడు. అందులో తొమ్మిది ఒకే ఆటలో కొట్టాడు, పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల మీద. ఆ రోజు లెక్క రష్యా 31, సాలమన్ దీవులు 2. ఆ దేశం జనాభా అప్పుడు ఐదు లక్షల పైచిలుకు, మా షోలాపూరు నగరం కంటే తక్కువ. ముప్ఫై ఒక్క గోళ్ళు తిన్న ఆ పిల్లలు అదే దీవుల్లో పుట్టి పెరిగినవాళ్ళు. కొన్నవాళ్ళు కారు, తెచ్చుకున్నవాళ్ళు కారు. నాలుగేళ్ళ తరువాత, 2012లో, మళ్ళీ వచ్చారు. మళ్ళీ రష్యా చేతిలో 16-0తో ఓడారు. కాని గ్వాటెమాలాను 4-3తో గెలిచారు. ప్రపంచ కప్పులో అది వాళ్ళకు మొదటి గెలుపు.

"అదీ టీమంటే" అన్నాడు మా బావమరిది. ఆ మాట కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.

అయినా ఇటలీ వాళ్ళను నేను వదిలిపెట్టలేకపోవడానికి ఒక కారణం ఉంది. అది ఇంటి సంగతి.

మావాడు పనిచేసే కంపెనీలో ఆ ఏడు వేసవిలో శని ఆదివారాల్లో ఫుట్‌సాల్ పోటీలు పెట్టారు. సరదాగా రాష్ట్రాల వారీగా జట్లు కట్టారు. కేరళ ఒకటి, తమిళనాడు ఒకటి, తెలంగాణ, ఆంధ్ర, మహారాష్ట్ర, ఇలా. ఆదివారం రాత్రి ఫోనులో అడిగాను.

"ఏ జట్టురా నీది?"

"మహారాష్ట్ర, నాన్నా."

"తెలంగాణ జట్టు లేదా?"

"ఉంది. మనుషులు తక్కువై నన్ను అడిగారు కూడా."

"మరి?"

"అక్కడ నేను నోరు తెరిస్తే నవ్వుతారు నాన్నా. ఇక్కడ ఎవరూ నవ్వరు."

వాడు ఆ మాట దిగులుగా చెప్పలేదు. బంతి ఎటు పోతే అటు పరిగెత్తినంత తేలిగ్గా చెప్పాడు. నాకే ఆ రాత్రి అన్నం సహించలేదు. నవ్వడం ఎందుకంటే, ఒకసారి వాడు "రేపు నాకు సుట్టి" అన్నాడట. మరాఠీలో సెలవును సుట్టీ అంటారు. షోలాపూరు తెలుగు ఇళ్ళలో మేమంతా అలాగే అంటాం. హైదరాబాదు కుర్రాళ్ళకు అది చుట్టగానో సుత్తిగానో వినబడింది. ఆ రోజు నుంచి వాడి పేరే 'సుట్టి' అయింది. మా శ్రీమతి, "మనం మాట్లాడేది తెలుగు కాదటండీ?" అని అడిగింది. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో ఉన్న మీకు ఈ ప్రశ్న కొత్త కాదనుకుంటాను. మాట వేరు కావచ్చు, నవ్వు ఒక్కటే.

మా తాతగారు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూరు వచ్చారు. నాకు ఇప్పుడు యాభై ఏడేళ్ళు. మా నాన్నగారు ఇక్కడే పుట్టారు, నేనూ ఇక్కడే పుట్టాను, మా పిల్లలూ ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, మిల్లు దగ్గర రెండూ కలిపి. మా నాయనమ్మ వాడిన కొన్ని మాటలు ఆ పల్లెలో ఇప్పుడు ఎవరూ వాడడం లేదు. ఒకసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడి ముసలాయన ఒకరు ఆమె మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, తన తల్లి అలా మాట్లాడేదట.

బ్రెజిల్‌లో ఇటలీ వాళ్ళ కథ చదివితే అచ్చం ఇలాగే ఉంది. 1888లో బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది. కాఫీ తోటలకు మనుషులు కావలసి వచ్చారు. ఓడ ఖర్చులు తామే పెట్టుకుని ఇటలీ నుంచి కుటుంబాలకు కుటుంబాలను తెచ్చుకున్నారు. కొన్ని దశాబ్దాల్లో పది లక్షల మందికి పైగా వెళ్ళారు. తోటల్లో వాళ్ళ పాట్లు ఎంత దారుణంగా ఉన్నాయంటే, 1902లో ఇటలీ ప్రభుత్వమే అలా ఖర్చు పెట్టి మనుషులను తీసుకుపోవడాన్ని నిషేధించింది. దక్షిణాన కొండ ప్రాంతాల్లో స్థిరపడ్డ వాళ్ళు ద్రాక్ష తోటలు వేసుకున్నారు. వెనెటో ప్రాంతం నుంచి తెచ్చుకున్న యాసను పోర్చుగీసుతో కలిపి మాట్లాడుతూ వచ్చారు. దానికి తాలియన్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బయట ఆ భాష మాట్లాడకూడదని కట్టడి చేశారు. ఇంట్లో తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. 2014లో అదే బ్రెజిల్ ప్రభుత్వం దాన్ని తమ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఇప్పటి ఇటలీ కుర్రాడు ఆ భాష వింటే నవ్వుతాడా, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడా? రెండూ జరుగుతాయనుకుంటాను, వయస్సును బట్టి.

చట్టం సంగతి ఇంకా ఆసక్తికరం. చాలా కాలం పాటు ఇటలీలో ముత్తాత, ఆయన తాత ఇటలీవాళ్ళని కాగితాలు చూపించినా పౌరసత్వం ఇచ్చేవారు. తరాలకు హద్దు లేదు. 2025లో ఆ తలుపు సగం మూశారు. తల్లి, తండ్రి, అవ్వ, తాత, ఇంతవరకే, అదీ కొన్ని షరతులతో. అంతకు పైనున్న పెద్దల పేరు చెబితే ఇక చెల్లదు. నేను వృత్తి కొద్దీ వెంటనే మా ఇంటికి ఆ లెక్క వేసి చూశాను. సిరిసిల్ల దగ్గరి పల్లె ఒక దేశం అనుకుందాం. నాకు తాత అక్కడివాడు. నేను లోపల. మావాడికి ఆయన ముత్తాత. వాడు బయట. ఒకే ఇంట్లో, ఒకే అన్నం తిని, ఒకే 'సుట్టి' అన్న ఇద్దరి మధ్య గీత పడింది. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదని నాకూ తెలుసు. బ్యాంకులో రోజూ గీసేవాణ్ణే. కాని ఆ గీత నా భోజనాల బల్ల మధ్య నుంచి పోతే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

రక్తం ఊసే లేకుండా ఇంకో దేశానికి ఆడే వాళ్ళూ ఉన్నారు. కజకిస్తాన్ గోల్‌కీపరు హిగితా రియోలో పుట్టినవాడు. అది ఆయన ముద్దు పేరు, కొలంబియా గోల్‌కీపరు ఒకాయన పేరును బట్టి వచ్చింది. అల్మాటీ నగరంలో కైరాట్ క్లబ్బులో ఉద్యోగానికి వచ్చినట్టు వచ్చి అక్కడే పాతుకుపోయాడు. మంచు, గుర్రం మాంసం, నోరు తిరగని భాష. ఆ క్లబ్బు 2013లో, 2015లో యూరప్ క్లబ్బుల కప్పు గెలిచింది. ఆయన గోలు దగ్గర నిలబడే రకం కాదు. బంతి తీసుకుని సగం కోర్టు దాటి వచ్చి తానే గోలు మీదికి తన్నుతాడు. తన ఇల్లు వదిలి పక్కవాడి పెరట్లోకి వెళ్ళి వడ్లు దంచినట్టుంటుంది. 2021లో లిథువేనియాలో జరిగిన ప్రపంచ కప్పులో కజకిస్తాన్ సెమీఫైనల్ దాకా వచ్చి, పోర్చుగల్ చేతిలో పెనాల్టీలలో ఓడింది. ఆ ఏడు కప్పు పోర్చుగల్‌దే.

హిగితాను చూసినప్పుడు నాకు మా తాతగారే గుర్తుకొస్తారు. పని ఉన్న చోటికి వచ్చి, ఆ ఊరి గోలుకు కాపలా కాశారు. షోలాపూరు చద్దరుకు దేశమంతటా వచ్చిన పేరులో ఆయన నేసిన గజాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆయనను ఎవరైనా ఏ జట్టు అని అడిగి ఉంటే ఏం చెప్పేవారో! చేతిలో పనున్న మనిషిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు లెండి.

మా బావమరిది పక్షాన న్యాయంగా ఇంకొకటి చెప్పాలి. అరువు జట్లతో వచ్చిన కీర్తి ఇటలీకి కొంతకాలమే నిలిచింది. 2012లో మళ్ళీ మూడో స్థానం, 2014లో యూరప్ విజేత. 2016లో ఈజిప్టు చేతిలో ఓటమి. 2021, 2024 ప్రపంచ కప్పులకు అసలు అర్హతే పొందలేదు. "చూశావా, విత్తనం కొనుక్కొచ్చారు గాని నేలను దున్నలేదు" అన్నాడు ఆయన. ఇటలీలో పుట్టిన పిల్లలకు ఆట నేర్పే పని వెనకబడిందా, వేరే కారణాలున్నాయా అన్నది అక్కడివాళ్ళు తేల్చుకోవలసిన విషయం. కాని బ్రెజిల్ నుంచి ఆ కుర్రాళ్ళు రాకపోతే ఈ నేల దున్నేవారని మాత్రం నేను ఒప్పుకోను. రానివాడు ఏ పొలాన్నీ పాడుచేయడు, ఏ పొలాన్నీ పండించడు.

ఇదంతా ఈ పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన సంఘంలో ఇటీవల ఒక చర్చ వచ్చింది. బ్యాంకులో పనిచేసిన పాపానికి నన్ను ఎప్పుడూ కోశాధికారిని చేస్తారు. సభ్యత్వ దరఖాస్తులు, రసీదు పుస్తకం నా దగ్గరే ఉంటాయి. గత సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన, ఇకమీదట తెలుగు చదవను, రాయను వచ్చినవాళ్ళకే ఓటు హక్కు ఉన్న సభ్యత్వం ఇవ్వాలని ప్రతిపాదించారు. ఆయనను తక్కువ చేయడానికి లేదు. ఎన్నో ఏళ్ళు ఆదివారం తెలుగు తరగతి తానే నడిపారు, పలకలూ బలపాలూ సొంత డబ్బుతో కొన్నారు. నలభై మందితో మొదలైన తరగతి ఆరుగురికి దిగడం ఆయన కళ్ళతో చూశారు. ఆ కడుపుమంటలోంచి వచ్చిన ప్రతిపాదన అది. సమావేశంలో తేలక, ముగ్గురు సభ్యుల ఉపసంఘానికి అప్పగించారు. అందులో నేనొకణ్ణి.

మిగిలిన ఇద్దరికీ నా అభిప్రాయం చెప్పేశాను. తరగతి మళ్ళీ నలభై మందితో నడవాలి. దానికి నా వంతు డబ్బూ, ఆదివారాలూ ఇస్తాను. కాని ఆ తరగతిని గుమ్మం దగ్గర కాపలాగా పెట్టవద్దు. పెడితే, ఈ ఊళ్ళో పుట్టిన మన పిల్లల్లో సగం మంది ఇటు నవ్వుకూ అటు నిబంధనకూ మధ్య ఏ జట్టులోనూ లేకుండా పోతారు. ఉపసంఘంలో ఒకరు నాతో ఏకీభవించారు, ఒకరు లేదు. వచ్చే సమావేశంలో మీరే తేల్చాలి.

ఈలోగా మావాడు దసరాకు ఇంటికి వచ్చాడు. వాడి వయస్సు ఇరవై ఆరు, తండ్రి సభ్యత్వం మీద ఇంకా ఎన్నాళ్ళు అని నేనే ఒక దరఖాస్తు ఇచ్చాను. వాడికి తెలుగు చదవడం వచ్చు, కూడబలుక్కుని. రాయడం అంతంత మాత్రం. పేరు ఒక్కటి తెలుగులో రాశాడు, ఒత్తు కింద పెట్టవలసింది పక్కన పెట్టి. మిగిలినదంతా మరాఠీలో నింపాడు. ఐదో కాలమ్ 'స్వస్థలం'. మా తరం వాళ్ళమంతా అక్కడ తాత వదిలి వచ్చిన పల్లె పేరు రాస్తాం. వాడు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. షోలాపూరు అని రాస్తాడనుకున్నాను. హైదరాబాదు అంటాడేమోనని కూడా అనుకున్నాను. చివరికి ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద సంతకం పెట్టి, చందా డబ్బుతో పాటు నా చేతికిచ్చాడు. బ్యాంకులో అయితే 'వివరాలు అసంపూర్ణం' అని రాసి వాపసు పంపేవాణ్ణి. రసీదు పుస్తకం తీసి, వాడి పేర రసీదు చింపి ఇచ్చాను.